పొడి అక్షరాలు

స్ట్రామ్‌నెస్ రేవులో ఇవాళ ఓడ కదలదని
పొద్దున్నే నేనే పలకమీద రాశాను.
టిక్కెట్ల కౌంటర్ మూశాను గానీ
హీటర్ ఆపడానికి చెయ్యి రాలేదు.
పదకొండు మంది, ఒక కుక్క,
థుర్సోలో చెల్లెలికని థోరా ఇస్బిస్టర్ తెచ్చిన
రెండు డజన్ల గుడ్లు.

లైఫ్‌బోటు షెడ్డు కప్పు కోసం
పౌనుకొకటి చొప్పున అమ్మమని
నా దగ్గర పెట్టిపోయిన కాగితాలున్నాయి.
ముప్పై ప్రశ్నలు. ప్రతిదానికీ ఒక అంకె, కొన్ని పొడి అక్షరాలు,
మిగతా మాటంతా ఎలకలు కొరుక్కుపోయినట్టు.
కిటికీ అద్దాల మీద సముద్రం నిలువునా కారుతోంది.
లోపల మేం గుండ్రంగా కూచుని
పొడి అక్షరాలు నానబెట్టుకున్నాం.

"4 మే. రా. వె."
నలుగురు మేరీలు, రాణి వెంట!
అరిచింది లోర్నా, నర్సు యూనిఫాం ఇంకా మార్చుకోని పిల్ల.
ఆ రాణి పేరూ మేరీయే.
ఐదేళ్లకే ఫ్రాన్సుకు ఓడెక్కిస్తే
అదే పేరున్న నలుగురు పిల్లలు వెనకాల.
"ఎవరైనా మేరీ అని పిలిస్తే
ఐదు తలలు తిరిగేవేమో" అంది.
ప్రశ్నలో లెక్కపెట్టని ఆ ఐదో తల దగ్గర
కాసేపు ఆగాం.

"9 డై. దే. శా."
ఫిన్లే డ్రెవర్ తల ఎత్తకుండానే అన్నాడు:
డైమను తొమ్మిది, దేశానికి శాపం.
ఎందుకు శాపమంటే మూలకొకటిగా మూడు కథలు లేచాయి.
ఊచకోత హుకుం ఆ ముక్క వెనకే రాశారని ఒకరు,
పన్నుల గొడవని ఒకరు,
ఎవరో ప్రభువు డాలు మీద గుర్తులని ఇంకొకరు.
"మూడూ అబద్ధమే అయ్యుండొచ్చు.
మా నాన్న చేతిలోకి మాత్రం
నిజంగానే వచ్చేది" అన్నాడు ఫిన్లే.
వాళ్ల పడవ ఎలా పోయిందో
మాకందరికీ తెలుసు.

"282 కొ. మూ. వే. అ. పై."
కొండలు, మూడు వేల అడుగుల పైన.
ఇక్కడ గిలెస్పీ మాస్టారు లేచి నిలబడ్డారు.
"నేనెక్కినప్పుడు రెండొందల ఎనభై నాలుగు!"
కొలిచే పనిముట్లు బాగుపడ్డాక
రెండు కొండలు పొట్టివని తేలి జాబితాలోంచి జారిపోయాయట.
ఆయన మోకాళ్లు ఒప్పుకోవడం లేదు.
అచ్చయిన అంకె కొట్టేసి
పైన 284 అని రాసేదాకా
పెన్సిల్ ఎవరికీ ఇవ్వలేదు.

మధ్యాహ్నానికి ఆకలేసింది.
థోరా ఏం మాట్లాడకుండా బుట్ట తెరిచింది.
నా కెటిల్లో మూడేసి మూడేసి గుడ్లు ఉడికాయి.
పెంకులు ప్రశ్నల కాగితం మీదే ఒలుచుకున్నాం.

చివరిది మిగిలింది.
"7 క. స."
ఏడు కత్తులు సమాధిలో? ఏడు కథలు సగం సగం?
ఏడు కప్పల సభ, అన్నాడొక బుడతడు;
చీకటి పడేదాకా అదే జవాబుగా ఉండింది.

అప్పుడు థోరా, పెంకులు దోసిట్లోకి ఊడ్చుకుంటూ:
"ఏడు కన్నీళ్లు, సముద్రంలో.
పోటు మీదున్నప్పుడు లెక్కపెట్టి రాల్చాలి.
సీలు తోలు ఒడ్డున విడిచి
మగవాడై నడిచొస్తాడు ఒకడు."
లోర్నా గబగబా రాసుకుంటోంది.

"నేనూ వెళ్లాను. డెబ్భై ఎనిమిదో, తొమ్మిదో.
వార్‌బెత్ ఒడ్డుకి.
ఆరు రాలాయి.
ఏడోది ఎంతకీ రాలేదు.
ఉల్లిపాయైనా తెచ్చుకోలేదని నన్ను నేనే తిట్టుకుని
చలేసి, ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. ఆమే నవ్వింది.
లోర్నా పెన్సిల్ చివర కొరికి
7 కొట్టేసి 6 చేసింది.

మర్నాడు గాలి తగ్గింది.
థోరా ఖాళీ బుట్టతో ఓడెక్కింది.
రెండు వారాలకు దిద్దిన కాగితం తిరిగొచ్చింది:
ముప్పైకి ఇరవయ్యెనిమిది.
284 చుట్టూ ఒకటి, 6 చుట్టూ ఒకటి, ఎర్ర సున్నాలు;
కింద సన్నటి దస్తూరీలో
ప్రశ్నలోని అంకెలు మార్చరాదు.
బహుమతి విస్కీ సీసా
కిర్క్‌వాల్‌లో ఎవరికో వెళ్లింది.